పంపరపనస మళ్లీ పట్టించింది

కవిటి,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సత్యానికి,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయనందుకు ముందుగా క్షమాపణలు. ఇక్కడ అందరమూ క్షేమం. తిత్లీ తుపానుకు పడిపోయిన కొబ్బరిచెట్ల చోట వేసిన మొక్కలు కాపుకు వచ్చాయి, పెద్దమ్మాయికి పలాస బదిలీ అయింది. మిగిలిన కబుర్లు తర్వాత. నా పన్ను సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కుడివైపు కింది దవడ పన్ను నెలరోజులుగా సలుపుతోంది. పూర్వమైతే ఉదయం పీకించుకొని సాయంత్రానికి జంతికలు నమిలేవాణ్ణి. కిడ్నీ మార్పిడి జరిగి నాలుగేళ్లయినా ఇప్పుడు పన్ను కదిలినా విశాఖలోని కిడ్నీ డాక్టరుగారికి ముందు చెప్పాలి. ఆయన వరుసగా ఆజ్ఞలు జారీ చేశారు. పన్ను తీయించుకొనే ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తకణాల లెక్క, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా నేను వేసుకొనే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూపించుకోవాలి. నొప్పికి పారాసిటమాల్ తప్ప వేరేది ముట్టకూడదు, ఎందుకంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒళ్లునొప్పుల మాత్రలను వేరుశనగ గింజల్లా నమిలే మన ఉద్దానంలో ఈ మాట ఇంటింటికీ చెప్పాలనిపించింది. డయాలిసిస్ గదిలో నా పక్క మంచంమీద పడుకొనే ఆ చేపల వ్యాపారి నీకు గుర్తున్నాడా? అతనికి కిడ్నీ ఇచ్చేవారు దొరకనేలేదు. సరే, ఆ మాట వదిలేద్దాం.

టాక్రోలిమస్ పరీక్షకు రాత్రి 9 గంటల మాత్ర వేసుకొని, మర్నాటి ఉదయం మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. నేను సోంపేట వెళ్లే బస్సులో కూర్చున్నాను, 9 గంటలకు ఫోను మోగింది, నాలుగేళ్ల అలవాటున చెయ్యి దానంతటదే మాత్రను నోట్లో వేసింది! రక్తం తీసే అమ్మాయి "మాత్ర వేసుకున్నారా?" అని అడిగితే, బడిలో పద్యం అప్పజెప్పిన కుర్రాడిలా గర్వంగా "వేసుకున్నాను" అన్నాను. ఆమె సూదిని పక్కన పెట్టేసింది. మర్నాడు మళ్లీ ప్రయాణం.

అసలు కథ ఆ రెండో పరీక్షతో మొదలైంది. నాకు 5 నుంచి 8 మధ్య ఉండవలసిన టాక్రోలిమస్ అంకె 13.6 వచ్చింది, క్రియాటినిన్ 1.2 నుంచి 1.5కు పెరిగింది. డాక్టరుగారు ఫోనులో మందులన్నీ అడిగి, చివరికి "కొత్తగా ఏమైనా తిన్నారా?" అన్నారు. పక్కింటివారి పెరటి చెట్టుకు కాసిన పంపరపనసలను నాలుగు సాయంత్రాలు ఉప్పూకారం అద్దుకొని తిన్నానని ఒప్పుకోక తప్పలేదు. ఆ పండు పేగుల్లో మందును విరిచే ఎంజైమును అడ్డుకుంటుందట, దానివల్ల అదే మాత్ర రక్తంలోకి మోతాదు మించి చేరి, కాపాడవలసిన కిడ్నీనే దెబ్బతీస్తుందట.

నవ్వుతున్నావు కదూ! ఎనిమిదో తరగతిలో కరణంగారి పెరట్లో నీవు గోడ దూకి పారిపోగా, చొక్కా నిండా పండ్లతో నేనే చిక్కాను. యాభై ఏళ్ల తర్వాత కూడా పట్టుబడినది నేనే. ఆనాటి నుంచి నీవు నన్ను పిలిచే ఆ పేరును మాత్రం జవాబులో రాయకు, నీ ఉత్తరాలు ఇంట్లో అందరూ చదువుతున్నారు.

నీ చెల్లెలు మాత్రం నవ్వలేదు. "ఇచ్చిన కిడ్నీ తిరిగి తీసుకొనే వీలుంటే ఈ రోజే తీసుకొనేదాన్ని" అంది. రెండు రోజులు మాట్లాడలేదు కాని, గంటగంటకూ నా పక్కన నీళ్ల చెంబు పెట్టి వెళ్లేది. ఆ చెంబును చూస్తూ నేను ఎంత సిగ్గుపడ్డానో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

పండు మానిన వారానికి అంకె 6.8కు దిగింది, క్రియాటినిన్ కూడా యథాస్థానానికి వచ్చింది. అప్పుడు పన్ను డాక్టరు దగ్గరకు విశాఖవారి చీటీ పట్టుకొని వెళ్లాను. స్టెరాయిడ్ మాత్రను ఆ ఉదయం మానకూడదన్నారు, వేసుకున్నాను. నర్సు రక్తపోటు పట్టీని ఎడమచేతికి చుట్టబోతే, డయాలిసిస్ కోసం రక్తనాళాలను కలిపిన ఫిస్టులా ఉన్న చెయ్యి కనుక వెనక్కి లాక్కున్నాను. పన్ను డాక్టరు చీటీ చదివి, విశాఖకు ఫోను చేసి మాట్లాడాకే యాంటీబయాటిక్ రాశారు. క్లారిత్రోమైసిన్ కూడా టాక్రోలిమస్‌ను అదే విధంగా పెంచుతుందట. నేను దానికి పంపరపనస మాత్ర అని పేరు పెట్టాను. డాక్టరు నవ్వారు, నీ చెల్లెలు నవ్వలేదు. ఇంత హంగామా తర్వాత పన్ను రెండు నిమిషాల్లో వచ్చేసింది!

వచ్చే నెల పెద్దపేగు పరీక్ష ఉంది. పేగు శుభ్రం కావడానికి తాగే మందులలోనూ ఫాస్ఫేటు ఉన్నది నాకు పనికిరాదని చెప్పారు, దానికి బదులు ఇచ్చేదాన్ని లీటర్ల కొద్దీ తాగాలట, ఆ రోజు మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో అడిగితే డాక్టరుగారు...

ఎదురింటి అబ్బాయి టపా పెట్టెకు బయలుదేరాడు, బండి ఆపకుండానే చెయ్యి చాస్తున్నాడు. మిగిలినది మళ్లీ రాస్తాను.

నీ,
రాముడు