అమ్మేవారిని ముంచేది అత్యాశ కాదు, విసుగు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇంటర్నెట్‌లో పాత సామాను అమ్మబోయి డబ్బు పోగొట్టుకున్నవారి గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక మాట కనిపిస్తుంది: ‘అత్యాశకు పోయి’. ఆ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. నెలకు రెట్టింపు ఇస్తామంటే డబ్బు కట్టినవారిని అలా అనండి, కాదనను. ఇంట్లో వాడకుండా పడి ఉన్న కుట్టు మిషనును కొన్న ధరలో సగం కూడా అడగకుండా అమ్ముకుందామనుకున్న మనిషికి అత్యాశ ఎక్కడిది?

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు బ్యాంకు కౌంటర్‌లో క్యాషియర్‌గా పనిచేశాను. నోటును బొటనవేలితో తడిమి మంచిదో చెడ్డదో చెప్పగలను. అలాంటి నేను ఈమధ్య ఒక మోసగాడి మాట విని, నా పిన్‌లోని నాలుగు అంకెల్లో మూడు నొక్కేశాను. అక్కడి దాకా నన్ను తీసుకెళ్లింది ఆశ కాదు. అంతకుముందు ఆరు వారాలపాటు నా ఓపికను కొరుక్కుతిన్న, ఏ నేరమూ చేయని, చాలా మర్యాదస్థులైన జనం.

మేము చిన్న ఇంటికి మారుతున్నాం. కొత్త ఇంట్లో పట్టనివి మూడు: కాలితో తొక్కే కుట్టు మిషను, ఆరు కుర్చీల భోజనాల బల్ల, మనవడికి పొట్టిదైపోయిన సైకిలు. మా అమ్మాయి ఫోనులో ఫొటోలు తీసి, ధర రాసి, ప్రకటన పెట్టింది. గంట తిరగకుండా ముప్పై సందేశాలు వచ్చాయి. బల్ల, సైకిలు, మిషను మూడూ ఆ రాత్రికే వెళ్లిపోతాయనుకున్నాను. ముప్పైలో ఇరవై ఆరు ఒకే మాట: ‘ఇది ఇంకా ఉందా?’ ఉందండీ అని ఇరవై ఆరుగురికీ జవాబిచ్చాను. బదులు పలికినవారు ముగ్గురు. తరువాత తెలిసింది, ఆ ప్రశ్నను ఎవరూ రాయనక్కర లేదట. ముందే రాసి ఉంచిన మాట అది. వేలు తగిలితే చాలు, వెళ్లిపోతుంది. పత్రికలో చిన్న ప్రకటన చూసి అడిగే కాలంలో అడిగేవాడికీ కొంత శ్రమ ఉండేది. నంబరు తిప్పాలి, అవతల మనిషి ఎత్తాలి, నోరు తెరిచి మాట్లాడాలి. ఆ శ్రమే జల్లెడగా పనిచేసేది. ఇప్పుడు అడగడానికి ఏ ఖర్చూ లేదు. ఖర్చంతా జవాబిచ్చేవాడిది.

మిగిలినవారిలో రకాలున్నాయి. ఒకాయన మిషను వెనకవైపు ఫొటో అడిగారు, పంపాను. అడుగువైపు అడిగారు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన నేను నేల మీద కూర్చుని పాదం పట్టీ కిందనుంచి ఫొటో తీసి పంపాను. తరువాత కొలతలు అడిగారు. చివరికి, ‘మా ఇంట్లో చోటు లేదండీ’ అన్నారు. చోటు సంగతి ఆయనకు మొదటి రోజే తెలిసి ఉండాలి కదా. ఇంకొకరు ఆదివారం పదింటికి వస్తానన్నారు. పదిన్నరకు ‘దారిలో ఉన్నాను’ అన్నారు. ఆ దారి ఎంత పొడవైనదో గానీ ఈరోజుకీ చేరలేదు. ధర అడిగి, నేను చెప్పాక, అందులో మూడో వంతుకు ఇస్తారా అన్నవారి మీద మాత్రం నాకు కోపం లేదు. బేరమాడే మనిషి కొనే మనిషే. వాళ్లు కనీసం అంకె చెబుతారు.

మరిచిపోలేని మనిషి ఒకావిడ ఉన్నారు. మిషను నడిపి చూస్తానన్నారు, న్యాయమే. సంచీలోంచి బట్ట తీశారు. ఏదో పేలిక అనుకున్నాను. చూస్తే కిటికీ తెర. అంచు మడిచి, పాదం కింద పెట్టి, నిదానంగా కుట్టుకుంటూ పోయారు. కుట్టు బాగా పడుతోంది అన్నారు. రెండో తెర తీశారు. దారం అయిపోతే నా డబ్బాలోంచి అదే రంగు దారం వెతికి ఇచ్చింది కూడా నేనే. నాలుగు తెరల అంచులు పూర్తయ్యాయి. మంచినీళ్లు తాగి, తెరలు మడిచి సంచీలో పెట్టుకుని, ‘మావారిని అడిగి చెబుతాను’ అని వెళ్లారు. ఆవిడ మళ్లీ ఫోను చేయలేదు. కుట్టు మాత్రం నిజంగా బాగా పడింది.

వాళ్లను తిట్టుకుంటూ ఉండగా నాకే ఒక సంగతి గుర్తొచ్చింది. కిందటి ఏడాది పుస్తకాల అలమర కావాలని ఒకరిని నేనూ రెండు రోజులు ప్రశ్నలతో వేధించాను. ‘రేపు చెబుతానండీ’ అన్నాను. చెప్పలేదు. వద్దు అని ఒక్క మాట రాయడానికి మొహమాటం అడ్డొచ్చింది. వద్దని చెప్పలేని మన మొహమాటం అవతలివాడికి ఒక ఆదివారం ఖరీదు చేస్తుంది. ఆ అమ్మినాయనకు ఈ ఉత్తరం ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. ఆరో వారం, ఒక బుధవారం. మధ్యాహ్నం మూడింటికి వస్తామన్నవారి కోసం మిషనుకు నూనె వేసి, తుడిచి, ఇద్దరం కలిసి గుమ్మం దగ్గరికి జరిపి కూర్చున్నాం. రాలేదు. ఫోను ఎత్తలేదు. రాత్రి ఏడు దాటాక ఒక సందేశం వచ్చింది: ‘నమస్తే అమ్మా. మిషను నాకు కావాలి. మీరు పెట్టిన ధరకే తీసుకుంటాను. డబ్బు ఇప్పుడే పంపమంటారా?’ ఆరు వారాల్లో నాకు నమస్తే చెప్పిన మొదటి మనిషి. బేరం లేదు, ఫొటోలు అడగలేదు. తను ఊళ్లో లేడట. రేపు ఉదయం వాళ్ల బాబాయి బండి తీసుకొచ్చి పట్టుకెళతాడట. అనుమానించాల్సింది సరిగ్గా అక్కడే. చూడకుండా, అడగకుండా, చెప్పిన ధరకు పాత మిషను కొనేవాడు ఎవడు? కానీ ఆ రోజు నా మనసులో ఉన్నది అనుమానం కాదు, ‘హమ్మయ్య’.

ముందు నామమాత్రపు సొమ్ము పంపి, వచ్చిందేమో చూడమన్నాడు. నిజంగానే వచ్చింది. తరువాత నలుపు తెలుపు గళ్ల కోడ్ ఒకటి పంపాడు. దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే మిగతా సొమ్ము నా ఖాతాలో పడుతుందన్నాడు. ఫోను పెట్టేయనివ్వకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ‘త్వరగా అమ్మా, ఆ కోడ్ రెండు నిమిషాలే పనిచేస్తుంది.’ ఒకటి, రెండు, మూడు అంకెలు నొక్కాను. నాలుగో అంకె దగ్గర కళ్లజోడు సర్దుకోవడానికి ఆగాను. తెర పైన ‘చెల్లించు’ అని ఉంది.

కౌంటర్‌లో మాకు చీటీలు రెండు రకాలు, వేసేది, తీసేది. డబ్బు వేయడానికి వచ్చినవారి సంతకాన్ని ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒక్కనాడూ నమూనాతో పోల్చి చూడలేదు. ఎవరు తెచ్చి వేస్తే మాకేమిటి? తీసుకోవడానికి వచ్చినవారి సంతకమే పోల్చి చూసేవాళ్లం. పిన్ అంటే ఈనాటి సంతకం. నా చేతిలో ఉన్నది తీసే చీటీ. నేను పిన్ కొట్టేది నా ఖాతాలోంచి తీయడానికే తప్ప, నా ఖాతాలో వేయించుకోవడానికి కాదు. ‘నాయనా, డబ్బు తీసుకోవడానికి నా సంతకం దేనికి?’ అన్నాను. ఫోను కట్ అయింది. నమస్తేతో మొదలై అంతా కలిపి పాతిక నిమిషాలు.

ఆ గళ్ల కోడ్‌లో మాయ ఏమీ లేదు. జపాన్‌లో డెన్సో వేవ్ అనే సంస్థ 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. అది ఒక చిరునామా చీటీ లాంటిది, అంతే. ఎవరికి, ఎంత అన్నది అందులో రాసి ఉంటుంది. అవతలివాడు పంపిన చీటీ మీద అవతలివాడి పేరే ఉంటుంది కదా.

మిగతా ఎత్తులు మా బంధుమిత్రులకు ఎదురైనవి, పొడిపొడిగా చెబుతాను. మా అన్నయ్య కొడుకు కెమెరా అమ్ముతుంటే ఇంటికి వచ్చినవాడు డబ్బు పంపానని తన ఫోను తెర చూపించాడు. పచ్చటి గుర్తు, మొత్తం, సమయం అన్నీ ఉన్నాయి, ఖాతాలో సొమ్ము తప్ప. అలాంటి తెరలు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. చూడాల్సింది వాడి ఫోను కాదు, మన ఖాతా. ఖాతా అంటే ఖాతానే, బ్యాంకు పేరుతో వచ్చిన సందేశం కూడా కాదు. పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టాను, మిగిలింది తిరిగి పంపండి అని ఏడ్చేవాడు పంపేది అలాంటి దొంగ సందేశమే. నువ్వు దొంగవు కాదని రుజువు చేసుకో, నీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి, అవి చెప్పు అనేవాడు నీ పేరుతో ఇంకెక్కడో ఖాతా తెరుస్తున్నాడు, లేదా నీ ఖాతా తాళం మారుస్తున్నాడు. కొరియర్ వాళ్లు డబ్బు తెస్తారు, ఈ లింకులో కార్డు వివరాలు ఇవ్వండి అన్నా అంతే. మనకు డబ్బు రావడానికి కార్డు వెనక ఉన్న మూడంకెలు ఎవరికీ అక్కర్లేదు.

చెక్కు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, అది నా విద్య. ధరకన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది బండివాడికి ఇమ్మనే మోసం ఫోనులో చేసే చెల్లింపులకన్నా పాతది. చెక్కు మొత్తం ఖాతాలో కనిపించడం వేరు, వసూలు కావడం వేరు. కొన్ని దేశాల్లో బ్యాంకులు చెక్కు వసూలు కాకముందే ఖాతాదారును ఆ సొమ్ము వాడుకోనిస్తాయి. కనిపించింది కదా అని మిగిలింది ఇచ్చేస్తారు. తరువాత చెక్కు తిరిగొస్తుంది, బ్యాంకు తన సొమ్ము వెనక్కి తీసుకుంటుంది. ఇచ్చింది మాత్రం సొంత డబ్బే.

మా అల్లుడు ఒక సంగతి చెప్పాడు. మైక్రోసాఫ్ట్‌లో పరిశోధకుడైన కోర్మాక్ హెర్లీ 2012లో ఒక పత్రం రాశారు. నైజీరియాలో కోట్ల ఆస్తి ఉంది, సాయం చేస్తే వాటా ఇస్తాం అంటూ వచ్చే ఉత్తరాలు అంత నమ్మలేనట్టుగా ఎందుకు ఉంటాయని ఆయన ప్రశ్న. జవాబు ఏమిటంటే, కావాలనే అలా రాస్తారు. తెలివైనవారు మొదటి వరుసలోనే నవ్వుకుని వెళ్లిపోతారు. చివరిదాకా వచ్చేవారే మిగులుతారు. మోసగాడికి సమయం కలిసొస్తుంది. విన్నాక నాకు ఒళ్లు మండింది. దొంగకు తన సమయం విలువ తెలుసు. నేనేమో ఇరవై ఆరుగురికి ‘ఉందండీ’ అని రాసుకుంటూ కూర్చున్నాను.

అందుకని వాడి జల్లెడే నేనూ వాడాను. పాత ప్రకటన తీసేసి కొత్తది రాశాను. మెరుగులు కాదు, లోపాలు ముందు పెట్టాను: ‘బాబిన్‌కు దారం చుట్టే చక్రం రబ్బరు అరిగింది, మార్చుకోవాలి. బల్ల మీద ఎడమవైపు కాలిన మచ్చ ఉంది. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి, మేము ఎత్తలేము. పగటిపూట వచ్చి, చూసి, డబ్బు మా ఖాతాలో పడ్డాక తీసుకెళ్లాలి. ముందు వచ్చినవారికే. ఎవరికోసమూ అట్టిపెట్టము.’ కొలతలన్నీ ఇచ్చాను. ఇంటి నంబరు పడిన ఫొటో తీసేశాను. ఉందా అని అడిగితే ‘ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తారు?’ అనే ఒక్క ప్రశ్న తిరిగి అడగడం మొదలుపెట్టాను. దానికి రోజు, గంట చెప్పనివారికి రెండో సందేశం లేదు. మొదట్లో చేయి వణికింది, ఎవరో ఏమనుకుంటారోనని. ఎవరూ ఏమీ అనుకోలేదు. మాయమయ్యారు, అంతే.

సందేశాలు ముప్పై నుంచి ఐదుకు పడిపోయాయి. ఆ ఐదుగురిలో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ‘ఏ నంబరు సూది వాడుతున్నారు?’ అని. మిషను అమ్ముడుపోయినట్టేనని అప్పుడే మావారితో అన్నాను. శనివారం నాలుగింటికి వస్తానని పది నిమిషాల ముందే వచ్చాడు, తమ్ముణ్ని కూడా తెచ్చుకున్నాడు. చక్రం తిప్పి, అరిగిన రబ్బరు చూసి, అందుకని కొంత తగ్గించమన్నాడు. తగ్గించాను.

సంపాదకులవారూ, ఇలాంటి వార్త ఈసారి మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, బాధితుడు ఎన్ని వారాలుగా ఆ వస్తువు అమ్మడానికి తిప్పలు పడుతున్నాడో ఒక్క మాట అడిగి రాయించండి. ‘అత్యాశ’ అని అచ్చయిన చోట, పరువు పోతుందని భయపడి ఫిర్యాదు చేయనివారు ఉంటారు. మా ఇంట్లోనే ఒకరు ఉన్నారు. పైన కెమెరా సంగతి మా అన్నయ్యకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. వాళ్ల అబ్బాయి చెప్పమనే అన్నాడు.

బల్ల, కుర్చీలు వెళ్లాయి. సైకిలు ఇంకా ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత క్యాషియర్