కరెంటు పోయినా పొయ్యి వెలగాలి

సంపాదకులకు నమస్కారం.

వంటకు ప్రొపేనా (సిలిండర్‌లో వచ్చే గ్యాస్), కరెంటా అని ఇళ్లలో ఖర్చు ఒక్కటే లెక్క వేస్తున్నారు. ఇండక్షన్ పొయ్యి వాడే కరెంటులో 85 శాతం దాకా వేడిగా గిన్నెకే చేరుతుంది, గ్యాస్ మంట వేడిలో అంత చేరదు. కాబట్టి రోజువారీ వంటకు నా ఓటు కరెంటుకే. కానీ ఆ పొయ్యి ఒక్కటే 2,000 వాట్ల దాకా లాగుతుంది, కరెంటు పోతే ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ దాన్ని మోయలేదు. ప్రొపేన్ పెట్రోలులా చెడిపోదు, సిలిండర్‌లో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. అందుకే ఒక చిన్న గ్యాస్ పొయ్యి అట్టిపెట్టుకోవాలి.

నా భయమంతా కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటర్ గురించే. ప్రొపేన్‌తో నడిచినా దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన రాదు, ప్రాణం తీస్తుంది. ఇంట్లో, గ్యారేజీలో, కిటికీ పక్కన దాన్ని నడపొద్దు. లీకైన ప్రొపేన్ గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. సిలిండర్ సెల్లార్‌లో పెట్టొద్దు. అమ్మేవాళ్లు ఈ మాటలు ముందే చెప్పాలి.

— ఒక పాఠకురాలు