గోరు గీకి చూడండి, తర్వాత మందు రాయండి

సంపాదకులకు నమస్కారం.

గోళ్లు పసుపు రంగుకు తిరిగి మందమవుతున్నాయని ఒక పాఠకుడు అడిగితే, అది ఫంగస్ అయి ఉంటుందని, మందుల షాపులో దొరికే లోషన్ పూసి చూడమని మీ ఆరోగ్య పుటలో జవాబిచ్చారు. చదివి ఊరుకోలేకపోయాను. సరిగ్గా ఆ మాటే నన్ను ఏడాదిన్నర తిప్పింది. చివరికి తేలింది ఫంగస్ కాదు, చర్మం మీద పొలుసులు లేపి గోళ్లనూ పాడుచేసే సోరియాసిస్ అని.

నేను ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. మొదట కుడిచేతి ఉంగరపు వేలి గోరు చివర లేచింది. పట్టు జాకెట్టుకు చేతికుట్టు వేస్తుంటే పోగు ఆ సందులో చిక్కుకుని గుడ్డ మీద గీత పడేది. తర్వాత మరో మూడు గోళ్లు. షాపతను కౌంటరు అవతలి నుంచే చూసి ఫంగస్ అన్నాడు. ఒక క్లినిక్‌లోనూ అదే మాట. ఫంగస్‌కు వాడే టెర్బినాఫిన్ మాత్రలు మూడు నెలలు మింగించారు. గోరు కింది పొడిని గీకి పరీక్షకు పంపిన వారు ఒక్కరూ లేరు. ఈలోగా కొలతలు తీస్తుంటే చేతులు వెనక్కి లాక్కునే వారు ఎక్కువయ్యారు. అంటుకుంటుందేమోనని వారి భయం. అది అంటుకునే జబ్బు కాదని అప్పటికి నాకూ తెలియదు మరి!

చివరికి చూసిన చర్మవైద్యురాలు ముందు గోళ్లు చూడలేదు. మోచేతులు చూపించమన్నారు, చెవుల వెనక చూశారు. ఏళ్లుగా చుండ్రు అనుకుని వదిలేసిన పొలుసులు అక్కడే ఉన్నాయి. తర్వాత గోరు మీద వేలితో రాసి, అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే టోపీ) మీద ఉండేలాంటి చిన్న చిన్న గుంటలు చూపించారు. ముప్పై ఏళ్లుగా అంగుస్తానా తొడుక్కునే నాకు ఆ పోలిక తట్టకపోవడం విచిత్రం. గోరు కింద నూనె చుక్క పడ్డట్టు కనిపించే మచ్చ కూడా సోరియాసిస్ గుర్తేనట. ఆ తర్వాత వేలి చివరి కణుపు నొక్కి, పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటున్నాయా అని అడిగారు. బిగుసుకుంటున్నాయి. గోళ్లకు సోరియాసిస్ వచ్చినవారికి కీళ్ల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఆలస్యం చేస్తే కీళ్లు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

చికిత్స లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకటి రెండు గోళ్లకే ఉంటే గోరు మొదట్లో స్టెరాయిడ్ లేపనం, విటమిన్ డి రకం మందైన కాల్సిపోట్రియాల్ లేపనం పూయిస్తారు. లొంగకపోతే గోరు మొదట్లోకే స్టెరాయిడ్ సూది వేస్తారు. ఒక వేలికి వేయించుకున్నాను. నొప్పి సంగతి ఎందుకు లెండి, రెండో వేలు చాపడానికి ధైర్యం చాలలేదు. కీళ్లు కూడా వాచినందువల్ల నాకు ఒంట్లోని రోగనిరోధక శక్తి జోరు తగ్గించే మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు అది. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చీటీ మీద తెలుగులో 'ఆదివారం మాత్రమే' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. మధ్య మధ్య రక్త పరీక్షలు తప్పవు, గర్భిణులు వాడకూడదు. వీటన్నిటికంటే బాగా పనిచేసేవి బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే జీవకణాల సాయంతో తయారుచేసే మందులు. వాటిలో ఒకటైన అడాలిముమాబ్ 2014 నుంచి మన దేశంలోనే తయారవుతున్నా నాలాంటివారు ధర అడిగి వెనక్కి వచ్చేంత ఖరీదు. ఏ మందైనా ఓపిక కావాలి. చేతి గోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, కొత్త గోరు పూర్తిగా రావడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి గోరుకు ఏడాది పైనే. నెల రోజులకే మందు మార్చేయడం డబ్బు దండగ.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా స్లైడుకు, క్షయ కళ్లె పరీక్షకు మైక్రోస్కోపు వాడుతూనే ఉన్నారు. గోరు కింది పొడి మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి అదే మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ పోగులు ఉంటే కనబడతాయి. ఒకసారి కనబడనంత మాత్రాన లేదని తేల్చకూడదు, మళ్లీ గీకి చూడాలి. రెండు జబ్బులూ ఒకే గోటిలో ఉండేవారూ ఉన్నారు. అందుకే నెలల తరబడి ఫంగస్ మాత్రలు రాసే ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి. అనుమానం తీరకపోతే చర్మవైద్యుల దగ్గరికి పంపాలి. మెథోట్రెక్సేట్ పెట్టె మీద 'వారానికి ఒక్కసారే' అన్న మాట తెలుగులోనూ అచ్చు వేయించాలి. ఇక మీ ఆరోగ్య పుటకు నా మనవి: ఆ పాఠకుడి మోచేతులు, తల ఎలా ఉన్నాయో, కీళ్ల నొప్పులున్నాయో వచ్చే వారమైనా అడగండి.

ఇట్లు,
ఒక దర్జీ,
గుంటూరు జిల్లా