మూలుగ మార్పిడి ఆపరేషన్ కాదు, రెండేళ్ల వైద్యం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం, కంచరపాలెం నుంచి నమస్కారాలతో.

నా డ్రైవింగ్ లైసెన్సు మీద రక్తం గ్రూపు బి పాజిటివ్ అని ఉంది. ఇప్పుడది నిజం కాదు. 22 నెలల కిందట రక్త క్యాన్సర్ చికిత్సలో భాగంగా నాకు మూలుగ (ఎముకల లోపల రక్తం తయారుచేసే మెత్తని పదార్థం, బోన్ మ్యారో) మార్పిడి జరిగింది. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసుకునే మా తమ్ముడి మూలకణాలు నా ఎముకల్లో కుదురుకున్నాక, కొద్ది నెలల్లోనే నా రక్తం అతని గ్రూపుకు, అంటే ఓ పాజిటివ్‌కు మారిపోయింది. తోబుట్టువు కణాలు పూర్తిగా సరిపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశమే ఉంటుందని డాక్టర్లు చెప్పారు. మా అక్కకు సరిపోలేదు, తమ్ముడికి సరిపోయింది. అందుకే ఈ లేఖ రాయగలుగుతున్నాను.

మా వీధిలో అందరూ దీన్ని ఆపరేషన్ అంటారు. కుట్లు ఎక్కడ పడ్డాయని అడిగినవారూ ఉన్నారు. నిజానికి మార్పిడి రోజున కోత గానీ కుట్టు గానీ ఉండదు. అంతకుముందు వారం రోజులపాటు బలమైన మందులతో పాత మూలుగను తుడిచిపెట్టి, ఆ రోజున సంచిలోని కణాలను మామూలు రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. నా విషయంలో అది గంటలో ముగిసింది. అసలు వైద్యం ఆ గంట తర్వాతే మొదలవుతుంది. ఈ తేడాను మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. మన పథకాలూ, సహాయ నిధులూ, పింఛన్లూ దీన్ని మా వీధివాళ్లలాగే ఆపరేషన్‌గా లెక్కగట్టి, డిశ్చార్జి కాగితంతో ఫైలు మూసేస్తున్నాయి. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి నాకు అందిన సొమ్మును నేను మరచిపోలేదు, అది లేకపోతే ఆసుపత్రి గడప తొక్కేవాణ్ణే కాదు. ఇప్పుడు నేను అడుగుతున్నదల్లా ఆ తర్వాతి రెండేళ్ల గురించి.

పొరుగు రాష్ట్రంలోని ఆసుపత్రి దగ్గర అద్దె గదిలో వంద రోజులు గడిపి విశాఖకు తిరిగి వచ్చేనాటికి నాకు రోజుకు పదిహేడు మాత్రలు ఉండేవి. తమ్ముడి కణాలు నా చర్మాన్నీ, పేగులనూ, కాలేయాన్నీ పరాయివిగా భావించి దాడి చేయకుండా టాక్రోలిమస్ అనే మందు వేసుకోవాలి. అది రక్తంలో తక్కువైతే ఆ దాడి మొదలవుతుంది, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకని పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం తీయించి, మందు మోతాదును కొలిపించాలి. మొదటి రోజుల్లో మా నమూనా వేరే నగరానికి వెళ్లి, ఫలితం మూడో రోజున వచ్చేది. అప్పటికి నా ఒంట్లో మందు సంగతి మారిపోయి ఉండేది. నాలుగో నెలలో చేతుల మీద ఎర్రగా దద్దుర్లు పొక్కి, స్టెరాయిడ్లు వాడవలసి వచ్చింది. ఆ స్టెరాయిడ్లకు తొడల్లో బలం తగ్గి, రెండో అంతస్తులోని మా ఇంటికి మెట్లెక్కడానికి మా అమ్మాయి భుజం పట్టుకోవలసి వచ్చేది. ఎండ తగిలితే దద్దుర్లు మళ్లీ రేగుతాయని చెప్పారు కాబట్టి, విశాఖ వేసవిని నేను కిటికీలోంచే చూశాను.

తిండి సంగతి ఎక్కువగా చెప్పను. బయటి తిండి, కడగని పళ్లు, ఆవకాయ ఏవీ వద్దన్నారు. పంపర పనస తింటే టాక్రోలిమస్ రక్తంలో అమాంతం పెరుగుతుందని ప్రత్యేకంగా హెచ్చరించారు. తులసి కుండీని కూడా మట్టిలోని బూజు భయంతో పక్కింటివారికి అప్పగించాము. ప్రతి ఆషాఢంలోనూ సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేవాణ్ణి, ఆ ఏడాది ఆ జనసందోహాన్ని టీవీలో చూస్తూ కూర్చున్నాను. ఇవన్నీ ఇంటివాళ్లం సర్దుకోగలిగినవి. మేము సర్దుకోలేనివి వేరే ఉన్నాయి.

ఇంటికి వచ్చిన మూడో వారంలో ఒక రాత్రి నాకు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. మార్పిడి చేయించుకున్నవారికి 100.4 డిగ్రీలు దాటిన జ్వరం అత్యవసర పరిస్థితి. గంటలోపల నరంలోకి యాంటీబయాటిక్ పడాలని మా డాక్టర్లు నూరిపోశారు. నగరంలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్తే, దగ్గుతున్న పిల్లల మధ్య బల్ల మీద కూర్చోబెట్టారు. డ్యూటీలో ఉన్న యువ డాక్టరు మార్పిడి రోగిని అంతకుముందు చూసినట్టు లేదు. పారాసిటమాల్ రాసిచ్చి పొద్దున్న రమ్మన్నారు. నా భార్య పద్నాలుగు పేజీల డిశ్చార్జి సమ్మరీ తీసి, తాను ఎర్ర పెన్నుతో గీతలు గీసి పెట్టుకున్న వాక్యాలను ఒక్కొక్కటిగా చూపించి, చివరికి మా పాత ఆసుపత్రి డాక్టరుకు ఫోను కలిపి ఆయన చేతికి ఇచ్చింది. మందు ఎక్కేసరికి రెండు గంటల నలభై నిమిషాలైంది. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. తనకు ఎవరూ చెప్పని విషయాన్ని అర్ధరాత్రి ఒక గృహిణి నోటి నుంచి విని ఒప్పుకోవడం చిన్న సంగతేమీ కాదు. కానీ ఆమె పదో తరగతి దాకానైనా చదువుకుని ఉండకపోతే, లేదా ఆ రోగి పాడేరు దగ్గరి గూడెం నుంచి వచ్చిన మనిషైతే ఏమయ్యేదో మీరు ఆలోచించాలి.

అందువల్ల నా మొదటి విన్నపం. మార్పిడి చేయించుకుని వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ముద్రతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక్క పేజీ కార్డు ఇప్పించండి. జ్వరం వస్తే ఎంతసేపట్లో ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో, ఇప్పటి రక్తం గ్రూపు ఏమిటో, ఎక్కించే రక్తం ఎలాంటిదై ఉండాలో దానిమీద ఉండాలి. ఈ చివరి మాటకు వివరణ అవసరం. మాకు ఎక్కించే రక్తాన్ని ముందుగా రేడియేషన్ కిరణాలకు గురిచేయాలి. అలా చేయకపోతే ఆ రక్తం ఇచ్చినవారి తెల్లకణాలు మా ఒంటి మీదనే తిరగబడవచ్చు, ఆ స్థితి నుంచి బయటపడినవారు చాలా అరుదు. అటువంటి రక్తం ఏ రక్తనిధిలో ఏ వేళల్లో దొరుకుతుందో రోగికి ముందే తెలియాలి. 108 సిబ్బందికి, అత్యవసర విభాగాలకు ఈ కార్డు గురించి ఒక సర్క్యులరు పంపడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

ఇక టీకాల సంగతి. మంత్రిగారూ, నాకు నలభై మూడేళ్లు. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని వేయించిన టీకాలన్నీ పాత మూలుగతోపాటే పోయాయి. ధనుర్వాతం, కోరింత దగ్గు, పోలియో, హెపటైటిస్ బి, నిమోనియా, ఇలా అన్నింటినీ పసిబిడ్డకు వేసినట్టు మొదటి నుంచి వేయించుకోవాలి. తట్టు టీకా వంటి బతికున్న క్రిములతో చేసినవైతే రెండేళ్లు నిండి, రోగనిరోధక శక్తిని అణచే మందులు ఆగి, డాక్టరు సరేనంటేనే వేస్తారు. ఎనిమిదో నెలలో చీటీ పట్టుకుని మా వార్డులోని ఆరోగ్య కేంద్రానికి టీకాల రోజునే వెళ్లాను. చుట్టూ తల్లులు, ఏడుస్తున్న పిల్లలు. మాస్కు వేసుకుని మూలన నిలబడిన నన్ను చూసి, టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం అమ్మ, ‘‘బిడ్డెక్కడ బాబూ?’’ అని అడిగింది. బిడ్డను నేనేనని చెప్పాను. ఆమె నవ్వింది, కాగితం చదివింది, ఆ తర్వాత నవ్వలేదు. ఫోనులోని యాప్‌లో పుట్టిన సంవత్సరం 1982 అని కొడితే తీసుకోవడం లేదని నాకే చూపించింది. ఐస్ డబ్బాలో పది మోతాదుల సీసా తెరిచి ఉంది. అందులో మిగిలే మోతాదు నాకు వేయడానికి ఆమెకు మనసుంది, అధికారం లేదు.

ఆ రోజు నుంచి టీకాలన్నీ డబ్బు పెట్టే కొనుక్కుంటున్నాను. నిమోనియా టీకా ఒక్క మోతాదే మూడు వేల రూపాయల పైచిలుకు, అలాంటివి నాలుగు వేయించుకున్నాను. ప్రభుత్వం పుట్టిన ప్రతి బిడ్డకూ వీటిని ఉచితంగా వేస్తోంది. మూలుగ మార్చుకుని మళ్లీ పుట్టినవాళ్లం రాష్ట్రంలో ఎంతమందిమి ఉంటాం? మాకు కూడా అవే సీసాల నుంచి వేయవచ్చని ఒక ఉత్తర్వు, యాప్‌లో ఒక గడి చాలు. పనిలో పనిగా మరో మాట కూడా ఆ ఉత్తర్వులో చేర్చండి. మా ఇంట్లో ఉండే పసిపిల్లలకు పల్స్ పోలియో చుక్కలకు బదులు ఇంజెక్షను వేయాలి. ఎందుకంటే చుక్కల్లోని బతికున్న క్రిములు బిడ్డ మలంలో కొన్ని వారాలపాటు వెలువడతాయి. మా తమ్ముడి కూతురికి చుక్కలు వేసిన సంగతి తెలిసి, నాకు కొత్త రక్తం ఇచ్చినవాడి ఇంటికే నెలన్నర వెళ్లలేకపోయాను.

ఇప్పుడు బతుకుతెరువు గురించి. నేను పోర్టులో ఒక ప్రైవేటు కంపెనీ తరఫున ఓడ సరుకు లెక్క రాసే టాలీ క్లర్కుగా పద్నాలుగేళ్లు పనిచేశాను. అక్కడి దుమ్ము ఎలాంటిదో పాతనగరంలో పొద్దున్నే ఇంటి గచ్చు మీద వేలితో గీసి చూసుకున్నవారికి చెప్పనక్కర్లేదు. ఊపిరితిత్తులకు బూజు పట్టే ప్రమాదం ఉన్నంతకాలం ఆ యార్డులోకి వెళ్లవద్దని డాక్టర్లు రాసిచ్చారు. కూర్చుని చేసే పని ఇమ్మని అడిగితే ఖాళీ లేదన్నారు. జీతం 21,000 రూపాయల పరిమితిని కొద్దిగా దాటినందువల్ల నాకు కార్మికుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐ వర్తించలేదు. అది ఉన్నట్టయితే దీర్ఘకాలిక జబ్బుల కింద సగం కంటే ఎక్కువ జీతమే చేతికి అందేది. మా ఇల్లు ఆ రెండేళ్లలో నా భార్య కుట్టుమిషను మీద, తమ్ముడు పంపిన డబ్బు మీద నడిచింది.

2019 డిసెంబరులో మన రాష్ట్రంలోనే, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలకు మించకుండా ఇచ్చే పథకం ఒకటి ప్రారంభమైంది. పథకం పేరు ఏదైనా కానివ్వండి, ఏ ప్రభుత్వం పెట్టినదైనా కానివ్వండి, కోలుకోవడం కూడా వైద్యంలో భాగమేనని అది ఒప్పుకుంది. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద మూత్రపిండం, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, సంతోషం. మూలుగ మార్పిడివారిని కూడా ఆ వరుసలో చేర్చమని నా ప్రార్థన. జీవితాంతం అడగడం లేదు. మందులూ, పరీక్షలూ, టీకాలూ నడిచే మొదటి రెండేళ్లకు చాలు. థలసీమియా, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులున్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మార్పిడితో జబ్బు నయమైంది కదా అని అప్పటిదాకా వస్తున్న పింఛనును ఆ నెలలోనే ఆపేస్తే, అన్నింటికన్నా ఖర్చు ఎక్కువగా ఉన్న ఏడాదిలోనే ఆపినట్టవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సికిల్ సెల్ ఎంత ఉందో మీ శాఖకు తెలుసు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరీక్షలతో గుర్తించిన పిల్లల్లో కొందరైనా రేపు మార్పిడికి వెళ్తారు, తిరిగి ఆ కొండల మీదికే వస్తారు.

వారానికి ఒక్క పూట విశాఖలో మార్పిడి అనంతర ఓపీ నడపమన్నది నా చివరి విన్నపం. దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. ఆ సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన అగనంపూడిలోనే ఉంది. నూరేళ్లు దాటిన కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది, దానితో అనుబంధమున్న ఆంధ్ర వైద్య కళాశాల ఉంది. శ్రీకాకుళం నుంచీ, పార్వతీపురం నుంచీ, ఒడిశా సరిహద్దు నుంచీ రోగులు ఎటూ ఇక్కడికే వస్తారు. మార్పిడి చేసిన ఆసుపత్రి డాక్టరు వీడియోలో, ఇక్కడి డాక్టరు ఎదురుగా ఉండి, ఆ పూటకల్లా టాక్రోలిమస్ ఫలితం చేతికి వచ్చేలా చూస్తే, ఒక్క మోతాదు మార్పించుకోవడానికి మాస్కు కట్టుకుని రెండు రాత్రులు రైలులో గడిపే అవసరం ఎవరికీ ఉండదు. నేను అలా పదకొండుసార్లు వెళ్లాను.

లైసెన్సు మీద రక్తం గ్రూపు మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నాను, అది మీ శాఖ పని కాదని నాకు తెలుసు. మీ శాఖ పని ఒకటి మాత్రం వచ్చే రెండు నెలల్లో పడుతుంది. నాకు 24 నెలలు నిండాక, డాక్టరు ఒప్పుకుంటే, తట్టు టీకా వేయించుకోవాలి. మా వార్డు ఆరోగ్య కేంద్రానికే వెళ్తాను. ఆ ఏఎన్ఎం అమ్మ ఈసారి యాప్‌లో 1982 అని కొట్టి చూస్తానని మాటిచ్చింది.

భవదీయుడు,
ఒక మార్పిడి రోగి
కంచరపాలెం, విశాఖపట్నం