అవి చిట్కాల పుస్తకాలు కావు

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో ఐరోపా విజ్ఞాన సర్వస్వాల గురించి మీరు ప్రచురించిన పూర్తి పేజీ వ్యాసం చూశాను. ఫ్రెంచి సర్వస్వానికి, దాని సంపాదకుడు దిదెరో చిత్రంతో సహా, ముప్పాతిక పేజీ కేటాయించిన వ్యాసకర్త, జర్మన్ల గృహోపయోగ సర్వస్వాలను ‘వంటింటి చిట్కాల సంకలనాలు’ అని ఒక్క వాక్యంతో కొట్టిపారేశారు. తెలిసినవారెవరైనా సవరిస్తారేమోనని ఆగాను. ఎవరూ పూనుకోలేదు కాబట్టి నేనే రాయవలసి వచ్చింది.

బెర్లిన్‌లో వైద్యుడైన యోహాన్ గేయోర్గ్ క్ర్యూనిట్స్ 1773లో ఆరంభించిన ‘ఎకనోమిషె ఎన్‌సైక్లోపెడీ’, 1858లో పూర్తయ్యేనాటికి 242 సంపుటాలైంది. ఎనభై అయిదేళ్లపాటు అచ్చవుతూ పోయిన చిట్కాల పుస్తకాన్ని వ్యాసకర్త మరెక్కడైనా చూశారా? రాజ్యం, పట్టణం, ఇల్లు, సేద్యం అనే నాలుగింటి నిర్వహణనూ అకారాది క్రమంలో వివరిస్తామని దాని పేరులోనే ప్రకటించుకున్నారు. ఒక ఫ్రెంచి గ్రంథానికి అనువాదంగా మొదలైన మాట వాస్తవమే. అయితే క్ర్యూనిట్స్ అక్కడితో ఆగక, వ్యవసాయం, చేతివృత్తులు, మరలు, గనులు, వైద్యం, చట్టం వంటివన్నీ చేర్చి, అవసరమైనచోట రాగిరేకుల మీద చెక్కించిన బొమ్మలు వేయించి, మూలాన్ని గుర్తుపట్టలేనంతగా పెంచాడు. ‘శవం’ అనే అంశం రాస్తూ 1796లో ఆయన కన్నుమూశాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, పని ఆగలేదు. ఫ్లోర్కె, కోర్త్, హాఫ్‌మన్ మొదలైనవారు ఒకరి తరువాత ఒకరు అందుకొని చివరి అక్షరం దాకా నడిపించారు.

పోనీ, నిజంగానే వంటలున్న పుస్తకం సంగతి చూద్దాం. 1715లో లైప్‌జిగ్‌లో వెలువడిన ‘ఫ్రావెన్‌సిమ్మర్ లెక్సికాన్’ స్త్రీల కోసం కూర్చినది (కూర్చినవాడు మాత్రం ఒక న్యాయవాది). అందులోనూ వంటకాల పక్కనే విదుషీమణుల, కవయిత్రుల పరిచయాలు ఉన్నాయి. ఇంటికి పనికివచ్చే విద్య విద్యే కాదన్న చిన్నచూపు వ్యాసకర్తదే తప్ప ఆ కాలపు జర్మన్లది కాదు.

మన సంగతి తలచుకుంటేనే బాధ. కొమర్రాజు లక్ష్మణరావు గారు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ అకారమైనా దాటకముందే 1923లో గతించారు. ఆ పనిని చివరి అక్షరం దాకా మోసే ఫ్లోర్కెలూ కోర్త్‌లూ మనకు దొరకలేదు. క్ర్యూనిట్స్ సంపుటాలన్నింటినీ ట్రియర్ విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచింది. మా ఊరి గ్రంథాలయంలోనో, సర్వస్వాల బీరువా తాళంచెవి సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉంటుంది. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయడానికి మాత్రం ఏ ఉద్యోగికీ సెలవు అడ్డురాదు. అధికారులను అనీ లాభం లేదు. అచ్చుకు ముందు వ్యాసాన్ని సరిచూసే అలవాటు పత్రికలకే పోయింది.

సవరణ వేయదలిస్తే, వర్గీకృత ప్రకటనల నడుమ భూతద్దానికి కూడా అందని అక్షరాలలో కాకుండా, వ్యాసం వచ్చిన అనుబంధంలోనే వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం