చిన్నాకి, మీ చిన్నాన్న మట్టి గురించి

చిన్నా, అస్సలాము అలైకుమ్. మసీదు లేని ఊళ్ళో చిన్నాన్న మట్టి, అదే ఖననం, ఎలా జరిగింది, ఎవరు చూసుకున్నారు అని అడిగావు కదా, ఫోన్లో సగం మాటలు సిగ్నలే మింగేసింది, అందుకే వాట్సాప్‌లో రాస్తున్నా, పెద్దగా ఉంది తీరిగ్గా చదువుకో.

ముందు మనవాళ్ళందరూ అన్నది ఒంగోలు తీసుకెళ్ళిపోదాం అని. అక్కడైతే మసీదు, శవాన్ని మోసే డోలా, పూడ్చే ఖబరస్తాన్, స్నానం చేయించేవాళ్ళు, అన్నీ ఉంటాయి, నిజమే. కానీ ఈ సీతంపేట ఏజెన్సీ నుంచి ఒంగోలంటే ఆరొందల కిలోమీటర్ల పైమాట, మయ్యత్‌ని, అంటే పోయిన మనిషిని, తొందరగా మట్టికి చేర్చమన్నారు గానీ రాత్రంతా రోడ్డు మీద తిప్పమనలేదు కదా. పైగా దూది ఏకుకుంటూ పరుపులు కుట్టుకుంటూ ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాడు, వాడి ఊరు ఇదే. మీ పిన్ని కూడా ఇక్కడే అంది, ఇంక ఎవరూ మాట్లాడలేదు.

జనాజాకి, అంటే పోయినవాళ్ళ కోసం చదివే నమాజుకి, మసీదే ఉండాలని లేదురా, అది ముందు బుర్రలో పెట్టుకో. మనం పాటించే హనఫీ పద్ధతిలో అయితే జనాజా నమాజు మసీదు లోపల కన్నా బయట చదవడమే మంచిదంటారు. మసీదుంటే సామాను రెడీగా ఉంటుంది, తెలిసిన మనిషి ఉంటాడు, అంతే తేడా. సామాను మనం సర్దుకోవచ్చు, తెలిసిన మనిషి దగ్గరే వస్తుంది తంటా.

నమాజు చదివించే హజ్రత్ గారికి ఫోన్ చేస్తే బస్సు దిగి ఆటో పట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందన్నారు, అందుకని గుస్ల్, అదే మయ్యత్ స్నానం, మేమే మొదలుపెట్టేశాం, నేనూ మీ మామూ ఇంకొకాయనా. పెరట్లో నాలుగు పక్కలా చీరలు కట్టి, పడుకోబెట్టే తఖ్తా ఎక్కడిది, పక్కింటి నాయుడు గారు వాళ్ళ పాత తలుపు రెక్క ఇచ్చారు, కింద ఇటుకలు పెట్టి తల వైపు కాస్త ఎత్తు చేశాం. రేగాకులు వేసి కాచిన నీళ్ళు గోరువెచ్చగా. బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పే ఉంచాలి, ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని ఆ గుడ్డ కిందే కడగాలి, కళ్ళతో చూడకూడదు. తర్వాత వుజూ, నమాజుకి ముందు కడుక్కున్నట్టు, చేయించాలి, నోట్లో ముక్కులో నీళ్ళు పొయ్యం, తడి దూదితో తుడుస్తాం. తల కడిగాక ఎడమ పక్కకి ఒత్తిగిలబెట్టి ముందు కుడి వైపు, తర్వాత అటు తిప్పి ఎడమ వైపు, పొట్ట మీద మెల్లిగా నొక్కాలి గట్టిగా కాదు, ఏదన్నా వస్తే అదొక్కటే కడిగితే చాలు స్నానం మళ్ళీ అక్కర్లేదు. లోపల ఏం చూసినా బయట చెప్పకూడదు, ఇది మాత్రం ఎవరికైనా గట్టిగా చెప్పు.

ఒంటికి చుట్టే కఫన్‌కి మల్లు గుడ్డ పాలకొండ నుంచి తెప్పించాం. మగాళ్ళకి మూడు గుడ్డలు, ఇజారూ కమీసూ లిఫాఫా, ఆడవాళ్ళకి ఐదు, తల మీద ఓఢ్నీ, రొమ్ము మీద సీనాబంద్ కలిపి. నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్ళు, పాదాలు, సజ్దాలో, అంటే తల నేలకి ఆన్చినప్పుడు, నేలకి తగిలేచోట్లన్నీ కర్పూరం రాయాలి. హారతి కర్పూరం మనకి పనికొస్తుందా అని ఒకాయన గొణిగాడు, కర్పూరానికి మతం ఏంటయ్యా అన్నాను, ఊరుకున్నాడు. డోలా బదులు నులక మంచం.

హజ్రత్ గారు వచ్చారు గానీ నమాజుకి మనవాళ్ళు తేలింది ఆయనతో కలిపి ఏడుగురమే. నాకైతే తలవంపుగా అనిపించింది, వాడు అందరి మంచాలకీ పరుపులు కుట్టిన మనిషి. హజ్రత్ గారు ఏమీ అనుకోకుండా ముగ్గుర్ని ముందు, వెనక ఇద్దర్ని, ఆ వెనక ఒక్కడ్ని నిలబెట్టారు, ఏడుగురున్నా మూడు వరసలు చెయ్యొచ్చట, కితాబుల్లో ఇలాగే ఉందన్నారు. మా వెనక ఊరి వాళ్ళు భుజం మీద తువ్వాళ్ళు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళే డెబ్భై ఎనభై మంది ఉంటారు.

ఈ నమాజు నీకు రాదని నాకు తెలుసు, ఏడిపించడానికి అనట్లేదు. వంగే రుకూ లేదు సజ్దా లేదు, నిలబడి నాలుగు తక్బీర్లు, అంటే అల్లాహు అక్బర్ అనడం. మొదటిదాని తర్వాత అల్లాని పొగిడే సనా, రెండోదాని తర్వాత ప్రవక్త మీద దరూద్, మూడోదాని తర్వాత పోయినవాళ్ళ కోసం దుఆ, నాలుగోది చెప్పి సలాం. అరబ్బీ దుఆ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, బస్సులో చదువుకో: అల్లాహుమ్మగ్‌ఫిర్ లి హయ్యినా వ మయ్యితినా వ షాహిదినా వ గాయిబినా వ సగీరినా వ కబీరినా వ జకరినా వ ఉన్సానా. దీని తర్వాత ఇంకొంత ఉంది, అది వాయిస్ మెసేజ్ పెడతా.

గొయ్యి ఊరి కుర్రాళ్ళే తవ్వారు, గెడ్డ పక్కన, అదే వాగు, గునపాలు వాళ్ళవే. మనకి తల ఉత్తరానికి, ముఖం ఖిబ్లాకి, అంటే మక్కా వైపుకి. వాళ్ళలో తల దక్షిణానికి పెడతారు, అందుకని ఒకడు నన్ను రెండుసార్లు అడిగి మరీ తల వైపు ఒక రాయి పెట్టుకున్నాడు. ఇక్కడి నుంచి ఖిబ్లా నేరుగా పడమర కాదు, కొంచెం ఉత్తరానికి ఒరుగుతుంది, ఫోన్లో చూసి కొలత తాడు లాగాం. లోపలికి దించాక కఫన్ కట్లు విప్పి, కుడి పక్కకి తిప్పి, పైన బండలు పరిచి సందులు మట్టిముద్దలతో మూశాం. తర్వాత తలా మూడు పిడికిళ్ళ మట్టి వేస్తూ, మట్టి నుంచే పుట్టించాం, అందులోకే చేరుస్తాం, అందులోంచే మళ్ళీ లేపుతాం అనే ఖురాన్ మాటలు చెప్పాం. మిన్హా ఖలఖ్‌నాకుమ్, వ ఫీహా నుయీదుకుమ్, వ మిన్హా నుఖ్రిజుకుమ్ తారతన్ ఉఖ్రా. నాయుడు గారు కూడా వేశారు, ఆయనకి ఆ మాటలు రావు, చేతులు జోడించి వేశారు.

హైదరాబాద్‌లో ఉన్న చిన్నాన్న కొడుకు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి వచ్చేదాకా ఆపుదామని ఐస్ బాక్స్ మాట్లాడబోయారు. వాడే ఫోన్లో వద్దన్నాడు, మీరు కానిచ్చేయండి పెదనాన్నా అని. వాడు వచ్చి నేరుగా గెడ్డ దగ్గరికే వెళ్ళాడు. నా సంగతి వచ్చినా అంతేరా, అల్లా నీ టికెట్ చూసుకుని తీసుకెళ్ళడు, ఆపొద్దు. మీ అమ్మ సంగతి ఇంకా కష్టం, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే గుస్ల్ ఇవ్వాలి, మన హనఫీల్లో పెళ్ళాం మొగుడికి ఇవ్వొచ్చు గానీ మొగుడు పెళ్ళానికి ఇవ్వకూడదంటారు. ఇక్కడ ఆ పని తెలిసింది మీ పిన్ని ఒక్కతే. నీ పెళ్ళానికీ చెల్లికీ నేర్పమని పిన్నితో చెప్పాను, సెలవులకి వచ్చినప్పుడు కూర్చోండి. నువ్వు హజ్రత్ గారి దగ్గరికి ఒక పూట వెళ్ళు, ఆయన ఒప్పుకున్నారు.

ఇక కాగితాలు. డెత్ సర్టిఫికెట్‌కి సచివాలయంలో రాయించేశా, 21 రోజుల్లోపు అయితే పేచీ ఉండదు. అసలు పేచీ స్థలం. గెడ్డ పక్క జాగా పంచాయతీ వాళ్ళు నోటి మాటగా ఇచ్చిందే, రాత లేదు, ఇవాళ పెద్దలు మంచోళ్ళు కాబట్టి సరిపోయింది, రేపు పక్క పొలం అమ్ముడుపోతే కొన్నవాడు ఏమంటాడో. ఖబరస్తాన్‌కి కొంత భూమి కేటాయించమని గ్రామసభలో తీర్మానం పెట్టించి తహసీల్దార్‌కి అర్జీ ఇద్దామని సర్పంచ్ గారే అన్నారు. నా తెలుగు ఆఫీసుకి సరిపోదు, నువ్వు రాయి. సర్వే నంబరు కాగితం ఫోటో కింద పెడుతున్నా, సరిగ్గా కనిపించకపోతే చెప్పు మళ్ళీ తీయిస్తా. ఆదివారం లోపు పంపావంటే సోమవారం పట్టుకెళ్తాను.

మీ నాన్న