నాన్నగారికి, ఒసాకా నుంచి

ఒసాకా
2025 నవంబరు 16, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న "ఇంకా ఎన్ని పేపర్లు రావాలమ్మా?" అని మీరు అడిగితే విసుక్కున్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఇక్కడ బాగానే ఉన్నాను. చలి మొదలైంది. ఆవకాయ ఇంకా సగం సీసా ఉంది. పని మామూలే.

పరిశోధన పత్రికకి పంపిన మా పేపర్ మళ్ళీ సవరణలకి తిరిగొచ్చింది నాన్నా. రివ్యూ చేసినవాళ్ళు ఐదు పేపర్లు ఇచ్చి, వాటిని సైట్ చేయమన్నారు, అంటే మా పేపర్లో వాటిని ప్రస్తావించమని. అన్నీ చదివాను. మేం పరిశోధిస్తున్న జన్యువుకీ వాటికీ సంబంధం లేదు. ఐదింట్లోనూ ఉన్నది ఒకే రచయిత పేరు. కలిపేస్తే గొడవ ఉండదంటున్నారు మా సార్. నాకు చేతులు రావడం లేదు.

బాబాయి అడిగిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకి వేసే మార్కు, నా పనికి కాదు. గత రెండేళ్ళలో ఆ పత్రికలో వచ్చిన పేపర్లను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు సైట్ చేశారన్న లెక్క అది. ఇక్కడి యూనివర్సిటీలోనే ఉన్న సకాగుచి గారు, రోగనిరోధక కణాలు మన ఒంటి మీదే పడకుండా ఆపే కణాలున్నాయని 1995లో రాస్తే చాలామంది నమ్మలేదు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ జబ్బు ఎలుకల్లో పాడైన ఫాక్స్‌పీ3 జన్యువుని పట్టుకున్నారు. ఆ కణాలకి ఈ జన్యువే ఆధారమని 2003కి గాని తేలలేదు. మొన్న అక్టోబరులో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. రెండేళ్ళు చూసి ఆ పని విలువ ఎవరు చెప్పగలిగేవారు?

అమ్మ వేళ్ళు ఎలా ఉన్నాయి? పొద్దున్నే బిగుసుకుపోవడం తగ్గిందా? కీళ్ళవాతంతో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల మీద రాత్రిళ్ళు చదువుతున్నాను. మనదేదో పరాయిదేదో రోగనిరోధక కణాలు గుర్తుపట్టడానికి తోడ్పడే జన్యువులవి. జన్యు అధ్యయనాల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్ళ మీద చేసినవే. డేటా ఉన్నచోటే మళ్ళీ పని జరుగుతుంది, వాటినే మళ్ళీ సైట్ చేస్తారు. అమ్మలాంటివాళ్ళ గురించి వెతికితే దొరికేది చాలా తక్కువ. మాది చిన్న పేపరే, కానీ అందులో మనవైపు వాళ్ళ నమూనాలున్నాయి. అందుకే నాకింత పట్టుదల. మొండితనం అనుకోకండి.

ఆ ఐదూ ఎందుకు కలపడం లేదో ఒక్కోదానికీ కారణం రాసి పెట్టాను. నెలాఖరులోగా పంపాలి. మీకు చెప్పకుండా పంపబుద్ధి కాలేదు.

అమ్మ మందుల చీటీ ఫోటో తీసి పంపండి. బట్టలు మేడ మీదకి తీసుకెళ్ళొద్దని చెప్పండి, కింద వసారాలో తాడు కట్టించండి.

మీ
చిన్ని